ఎదురుగా చూడని గట్టయ్య

బెల్లంపల్లి బొగ్గుబాయిలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసిన గట్టయ్య ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. వాడకట్టు మొదట్లో కట్టే ఫ్లెక్సీకి ఆయన ఫోటో కావాలి. "నేను తీస్తా" అని నలుగురిలో నోరుజారింది కోడలు అమూల్య. ఆమె చేతికి కెమెరా వచ్చి రెండు నెలలే. కరీంనగర్‌లో ఉండే తమ్ముడు కొత్తది కొనుక్కుని, పాతది అక్కకిచ్చాడు. ఇంతవరకు ఆమె తీసినవి మందారాలు, పక్క క్వార్టర్ వాళ్ల మేకలు. మేకలు బాగానే వచ్చాయి.

"మూడు గంటలకల్ల ఫ్లెక్సీ షాపు ఖాసిం భాయికి పంపాలె," అన్నాడు భర్త సన్నీ, ఆదివారం పొద్దున. "నీతోని కాకుంటె బాపు ఐడీ కార్డు ఫోటో ఉండనే ఉన్నది."

ఆ ఫోటో అమూల్య చూసింది. అందులో మామ పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉంటాడు. అన్నేళ్లు భూమి లోపల చెమటోడ్చిన మనిషిని, వాడంతా చూసేచోట అలా వేలాడదీయడానికి ఆమెకు మనసొప్పలేదు.

పదకొండు గంటలకు గట్టయ్య తెల్లంగీ తొడుక్కుని, బాయి టోపీ పెట్టుకుని వాకిట్లో ఎండలో నిలబడ్డాడు. వెలుతురు ఎంత ఎక్కువైతే ఫోటో అంత బాగుంటుందని అమూల్య లెక్క. తీరా చూస్తే ఫోటోలో కళ్లే లేవు. టోపీ నీడ పడి, కళ్లుండాల్సిన చోట రెండు నల్లటి గుంటలున్నాయి.

"యాపచెట్టు కిందికి రా మామా."

అక్కడ ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడింది. అత్త మల్లక్క కెమెరాలోకి తొంగిచూసి పకపకా నవ్వింది. "ఓ పిల్లా, గీయన మీ మామనా, చిరుతపులా?"

"పులే అనుకో," అన్నాడు గట్టయ్య. "పులికి ఆకలైతుంది."

"జర ఆగు మామా. ఒక్కటంటె ఒక్కటి."

ఆ ఒక్కటికీ చోటు దొరకడానికే రెండు గంటలు పట్టింది. అమూల్య కెమెరా పక్కన పెట్టేసి, బియ్యంలో రాళ్లేరే చూపుతో మామ ముఖాన్నే చూడసాగింది. ఆయన వాకిట్లో తిరుగుతుంటే ముఖం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. పొద్దు నడినెత్తి దాటాక క్వార్టర్ తూర్పు గోడ పక్కన నీడ పరుచుకుంది. ఆ నీడకు అవతల ఎండలో, దండెం మీద తెల్ల దుప్పటి ఆరుతోంది. గట్టయ్య దానికెదురుగా రాగానే దుప్పటి మీది వెలుగు మెత్తగా వచ్చి ఆయన ముఖాన్ని తాకింది. నుదుటి ముడతలు, తెల్లబడిన మీసం, కళ్ల అంచున కాటుకలా నిలిచిపోయిన బొగ్గుగీత, అన్నీ తేటగా కనిపించాయి.

"గదే! గాడనే ఉండు మామా!"

పీట వేసి కూర్చోబెట్టింది. ఇక గెలిచినట్టే అనుకుంది. "ఇటు సూడు" అంటే చూశాడు. నొక్కేలోపల ముఖం ఎడమకు తిరిగింది. మళ్లీ చెప్పింది, మళ్లీ తిరిగింది. పద్నాలుగు ఫోటోలు తీస్తే పద్నాలుగింటిలోనూ ఆయన పక్కింటి వైపు గోడనే చూస్తున్నాడు. ఒకటి ఖాసింకు పంపితే వెంటనే ఫోనొచ్చింది.

"అక్కా, వెలుతురైతె జబర్దస్త్ ఉన్నది. గని మామ ఎవలమీదనో అలిగినట్టున్నడు. ఫ్లెక్సీల మొత్తం పక్కింటోల్ల దిక్కే సూస్తె వాల్లు పరేషాన్ గారా?"

మల్లక్క ఆ మాట విన్నదే తడవుగా అందుకుంది. "గిది ఇయ్యాల్టిదా! పెండ్లి ఫోటోల సక్కగ ఎదురుంగనే సూసిండు. బాయిల పనికి వడ్డంక నా మొఖం సూసి మాట్లాడింది లేదు. నా మీద మనసు ఇరిగిందేమో అని కొత్తల ఎంత ఏడ్సిన్నో ఎవలకెరుక?"

గట్టయ్య బిత్తరపోయాడు. "మనసిరుగుడేందే? బాయిల టోపీ మీద లైటుంటది గద. ఎదురుంగ సూసి మాట్లాడితె అవతలోని కండ్లల్ల కొడ్తది. అందుకే మొఖం పక్కకు తిప్పాలె. కొత్తల తిప్పకపోతె మా పని సూసే సర్దార్ తిట్టిన తిట్లు ఇంకా యాదికున్నయి."

"ఇప్పుడు టోపీకి లైటు లేదు గద మామా!"

"నాకెరుకే బిడ్డా. మెడకు తెల్వది గద."

మల్లక్క నవ్వబోయి ఆగిపోయింది. లోపల గోడ గడియారం రెండున్నర కొట్టింది.

"మరి బాయిల ఎవలూ మొఖాలు సూసుకోరా?" అడిగింది అమూల్య.

"ఎందుకు సూసుకోం! బువ్వకాడ సూసుకుంటం. టోపీలు తీసి గోడ దిక్కు తిప్పి పెడ్తం. ఎదురెదురుంగ కూసుని ఎవలేం కూర తెచ్చిండ్లో సూస్తం."

అమూల్య లోపలికి పోయి, ఆయన బాయికి తీసుకెళ్లే టిఫిన్ గిన్నెలో బువ్వ పెట్టి తెచ్చింది. మామ నెత్తి మీది టోపీ తీసి, గోడ వైపు తిప్పి పక్కన పెట్టింది. గిన్నె మూత తీసింది. చింతచిగురు పప్పు వాసన గుప్పుమంది. తాను ఆయనకెదురుగా నేల మీద చతికిలబడి, అత్తను తన వెనకాలే కూర్చోమంది.

గట్టయ్య గిన్నెలోకి చూశాడు. తలెత్తి, నేరుగా మల్లక్కను చూస్తూ, "నీ గిన్నేదే? నువ్వు తినలే?" అన్నాడు.

అమూల్య నొక్కింది.

ఫోటో చూసి సన్నీ తల గోక్కున్నాడు. "టోపీ లేదు గద!"

"టోపీ పెడితె మనిషి పోతుండు. ఏది గావాలె?"

మూడుకు ఐదు నిమిషాలుండగా ఫోటో ఖాసింకు వెళ్లింది. "మస్తుంది అక్కా, గిదే ఖాయం," అన్నాడు ఖాసిం.

కెమెరా మల్లక్క చేతిలోకి వెళ్లి ఎంతకూ తిరిగి రాలేదు. ఆమె దాని వెనకున్న చిన్న అద్దాన్ని కొంగుతో తుడిచి తుడిచి చూస్తోంది. ఈలోగా గట్టయ్య తినడం ముగించి, చేయి కడుక్కుని, అలవాటు చొప్పున టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎట్లొచ్చిందే ఫోటో?" అని గోడను అడిగాడు.

మల్లక్క లేచింది. ఆయన నెత్తి మీది టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇగ అడుగు," అంది.