కాల్షియం లేని మనిషి

మా ఆసుపత్రి ల్యాబులో పెద్ద టెక్నీషియన్ చేతిలో పొరపాటన్నది పుట్టలేదు, పుట్టబోదు. గోడ మీద దోమ వాలితే చాలు, ఒడిసిపట్టి, పొట్ట నొక్కి, అది ఏ మంచం మీది మనిషిని కుట్టి వచ్చిందో చెప్పేస్తుంది. తీరిక ఉంటే ఆ మనిషి పొద్దున ఏం తిన్నాడో కూడా.

ఆ తీరికే లేదు. ల్యాబుది నలుగురు చేయాల్సిన పని. ఒకడు మంచి జీతం చూసుకుని ఎగిరిపోయాడు. ఒకావిడ నడుము పట్టేసి ఇంట్లో పడింది. ఇంకో అమ్మాయి మూత్రం సీసాల ముందు కూర్చుని బోరున ఏడ్చి, చేతి తొడుగులు సింకులో పడేసి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. మిగిలింది ఈవిడ. రక్తం తీసేదీ, మిషన్ నడిపేదీ, కిటికీ దగ్గర తిట్లు తినేదీ ఈవిడే. తిట్లు తప్ప మరొకటి తినడానికి వేళ లేదు. బల్ల మీద మలం డబ్బాలు, వాటి పక్కనే తన అన్నం డబ్బా. ఏ మూత తీసినా ముక్కు ఒకే మాట చెబుతోంది. ఒకరోజు ఇంటికెళితే కూతురు దగ్గరికొచ్చి, "అమ్మా, ముందు స్నానం చేసి రావే, కంపు" అని వెనక్కి జరిగింది. ఈవిడకు కోపం రాలేదు. తన ఒంటి మీద తనకే అసహ్యం వేసింది.

ఆ మర్నాడు ఒక ముసలాయన రక్తం, పొటాషియం, కాల్షియం చూసే పసుపు మూత గొట్టంలోకి చాలినంత రాలేదు. మళ్ళీ మేడ మీది వార్డుకెక్కి గుచ్చాలి. ఆయనదే ఊదా మూత గొట్టం మాత్రం నిండుగా ఉంది. కాళ్ళు మొరాయించాయి. చెయ్యి తనంతట తానే ఆ ఊదా మూత తీసి, కాస్త రక్తాన్ని పసుపు గొట్టంలోకి వంచేసింది.

కనుక మొదట్లో కోసిన కోతలు మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. పొరపాటు పుట్టింది, చప్పుడు కాకుండా పుట్టింది. ఊదా గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఒక మందు ఉంటుంది. ఆ మందులో పొటాషియం ఉంటుంది, పైగా అది కాల్షియాన్ని మింగేస్తుంది. ఆ రక్తాన్ని ఇంకో గొట్టంలో కలపకూడదని చదువుకునే రోజుల్లోనే నెత్తిన మొట్టి నేర్పుతారు.

రిపోర్టు చూసి పంపే రెండో మనిషి లేడు గనుక, అది మిషన్ నుంచి నేరుగా వార్డుకు పోయేలా పెట్టారు పైవాళ్ళు. ఆవిడ తెర వైపు తలతిప్పేసరికే రిపోర్టు వెళ్ళిపోయింది. పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో. ఆ అంకెలు చూస్తే డాక్టరు పొటాషియం దించే ఇంజెక్షన్ రాస్తాడు. బాగున్న మనిషికి దాన్ని దించితే గుండె తడబడుతుంది. ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. పరుగెత్తింది.

"ఏమమ్మా, మమ్మల్ని నిలబెట్టి షికారుకా?" అన్నాడు కిటికీ దగ్గరాయన.

"మీ రిపోర్టు ఎక్కడికీ పారిపోదు బాబాయ్, నేనే పారిపోతున్నా!"

వార్డులో సిస్టరు సిరంజి నింపుకుని మంచం వైపు తిరిగింది.

"ఆపవే తల్లీ! ఆయనేం చేస్తున్నాడు?"

"టీలో చక్కెర తక్కువైందని నన్ను సాధిస్తున్నాడక్కా."

"రిపోర్టు ప్రకారం ఆయన ఈపాటికి పోయి ఉండాలి. మనిషిని చూడొద్దూ?"

"రెండు వార్డులకి నేనొక్కదాన్ని. మనిషిని చూసే టైమెక్కడిదక్కా, కాగితం చూస్తున్నా."

"పోతే పోతాగానీ, ముందు చక్కెర తెమ్మనండి" అన్నాడు ముసలాయన.

తప్పు తనదేనని డాక్టరుకు చెప్పి, మళ్ళీ రక్తం తీసి పరీక్ష చేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

కాసేపటికి ఆసుపత్రి పాలన చూసే ఆఫీసరుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ల్యాబులోకి వచ్చాడు.

"జరిగినదాని మీద మీటింగులో అడిగితే మిషన్ తప్పని చెప్పమ్మా. మనుషులు చాలలేదంటే పైన బాగుండదు. అన్నట్టు, అలసట పోగొట్టుకోవడం మీద క్లాసు పెట్టిస్తున్నాం. నీ సెలవు రోజునే, పనికి అడ్డం లేకుండా."

ఆవిడకు మలం డబ్బాలు చూసినప్పుడు రాని డోకు ఇప్పుడొచ్చింది.

"మిషన్ ఏ పాపం ఎరగదు సార్. కలిపిన చెయ్యి నాది, అదే చెప్తాను. నలుగురి పనికి ఆ ఒక్క చేతినే పెట్టింది మీరు, అదీ చెప్తాను. క్లాసు చెప్పే మనిషికి వేసే కుర్చీ ఈ ల్యాబులో వేసి, ఇంకో టెక్నీషియన్‌ని కూర్చోబెట్టండి."

ఇందులో ఆఫీసరు ల్యాబులోకి వచ్చాడన్నదీ, ఆ రుమాలూ నా కల్పన. ఆయన ఆ గుమ్మం ఏనాడూ తొక్కలేదు. ఆ మాటలు ఫోనులో అన్నాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడో, మధ్యలోనే పెట్టేశాడో ఆవిడకూ తెలియదు.