పైడయ్య వేటకెళ్లాడు

సముద్రంలో పోయినవాణ్ణి "చచ్చిపోయాడు" అనకూడదు. ఉద్దానం తీరంలో రత్నాలమ్మ ఇంటి కట్టుబాటు అది. శవం ఒడ్డుకు కొట్టుకొచ్చేదాకా "వేటకెళ్లాడు" అనే అనాలి. తల్లి నోట చావు మాట వచ్చిందంటే గంగమ్మ ఇక మనిషిని తిరిగివ్వదని వాళ్ల నమ్మకం.

ఆ కట్టుబాటే కొంప ముంచింది. చేపల వేటకని సముద్రం మీదికి పోయి పద్నాలుగు నెలలైనా కొడుకు పైడయ్య జాడ లేదు. అయినా సర్వేకి వచ్చిన అమ్మాయి "ఇంట్లో మగవాళ్లెవరు?" అని అడిగితే, రత్నాలమ్మ తడుముకోకుండా "నా కొడుకున్నాడు, వేటకెల్లినాడు" అంది. ట్యాబులో అదే ఎక్కింది. సంపాదించే మొగుడున్న ఆడదానికి వితంతు పింఛను ఎవరిస్తారు? కోడలు కుమారి పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచి ఒలిచి చేతులు పుండ్లు చేసుకుంటోంది. ఇద్దరు పిల్లలకు రెండో పూట అన్నం ఆ పింఛను వస్తేనే.

సోమవారం అత్తాకోడళ్లు ఊళ్లోని గ్రామ సచివాలయానికి వెళ్లారు. కుర్చీలోని మోహన్ ఉద్యోగానికి కొత్త, మంచివాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

"వేటకెళ్లాడని మీరే చెప్పారు కదా మామ్మా. ముందు అది దిద్దాలి. కాదని మళ్లీ మీరే చెప్పాలి," అన్నాడు.

కుమారి తల వంచుకుంది. నోరు తెరిచి ఇది కావాలని ఏనాడూ అడగని పిల్ల. ఆ పిల్ల చేతులకేసి చూసి రత్నాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసింది.

"నా కొడుకు సచ్చిపోనాడు బాబూ. రాసుకో."

ఆ మాట అని నేల మీద చతికిలబడింది. మోహన్ రాసుకున్నాడు, వేలిముద్ర వేయించుకున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇద్దామన్నా కంప్యూటరు ఒప్పుకోలేదు, మరణ ధ్రువపత్రం అడిగింది. మోహన్ పై ఆఫీసుకు ఫోన్ చేసి, మెల్లగా పెట్టేశాడు.

"శవం దొరకలేదు కదా మామ్మా, ఆ కాగితం రాదంట. మనిషి కనబడకుండా పోయి ఏడేళ్లు దాటాలంట. టెక్కలిలో పెద్దాఫీసుకి వెళ్లినా ఇదే చెప్తారు."

"అందాకా?" అంది కుమారి.

"అందాకా ఆయన బతికున్నట్టే లెక్క."

కుమారి అత్తను రెక్క పట్టి లేపింది. గుమ్మం దాటి మెట్ల మీదికి వచ్చాక రత్నాలమ్మ ఆగిపోయింది.

"గవుర్మెంటు నా కొడుకుని ఏడేళ్లు బతికుంచుతానంది అమ్మీ. నానే పద్నాలుగు నెలలకి సంపీసినాను."