గొంగళిపురుగు తొడుగు

డాక్టరుగారికి లోకంలో ఇద్దరంటేనే భయం. ఒకరు భార్య, రెండోవాడు ఆవిడ తమ్ముడు. భార్య కోప్పడుతుందని భయం, బావమరిది నోరు తెరుస్తాడని భయం.

తెరిచాడంటే ఇక అమ్మకమే. అతను అమ్మేది బొటనవేలంత మెత్తటి తొడుగు, చుట్టూ రబ్బరు వెంట్రుకలు. పెద్దపేగులోకి పంపే కెమెరా గొట్టం కొసకు దాన్ని తొడిగితే, గొట్టం వెనక్కి వస్తున్నప్పుడు ఆ వెంట్రుకలు పేగు మడతలను విప్పి పట్టుకుంటాయి. మడత చాటున నక్కిన పాలిప్‌లు బయటపడతాయి. పాలిప్ అంటే పేగు గోడ మీద మొలిచే చిన్న కండ. కొన్ని ఊరికే ఉంటాయి, కొన్ని ఏళ్ళు గడిచేసరికి క్యాన్సరై కూర్చుంటాయి.

"నా కళ్ళుండగా నీ గొంగళిపురుగు నాకెందుకురా?" అనేవారు డాక్టరుగారు. అన్నం ముందు కూర్చుని ఈ పేగుల గోలేమిటని భార్య ఇద్దరినీ కలిపి ఉతికి ఆరేసేది.

ఇంత వాగుడుకాయా, అందరినీ పరీక్ష చేయించుకోమని ఊదరగొట్టేవాడా, తన వంతు వచ్చేసరికి ఏదో ఒక వంక! వాళ్ళమ్మ పోయింది పేగు క్యాన్సర్‌తోనే. అదీ భయం. అక్క ఎప్పుడో చేయించుకుంది, ఆవిడకేమీ లేదని తేలింది. చివరికి ఆవిడ అలిగి మాట్లాడటం మానేస్తే దిగివచ్చాడు. అదీ ఒక షరతు మీద.

"పరాయివాళ్ళ ముందు పడుకోను. బావే చెయ్యాలి."

బల్ల మీద ముడుచుకుని పడుకున్న మనిషిని కాస్త ఉడికిద్దామనుకున్నారు డాక్టరుగారు. "ఏరా, నీ పురుగుని తొడగమంటావా?"

"నీ ఇష్టం బావా. నీకెలా అలవాటో అలాగే చెయ్యి."

అంతే. అమ్మకం లేదు, ఉపన్యాసం లేదు. డాక్టరుగారు వాడి భుజం తట్టారు. వీడు నోరు మూసుకున్నాడంటే లోపల ఎంత హడలిపోతున్నాడో!

మత్తు పనిచేసింది. గొట్టాన్ని పేగు చివరిదాకా పంపి, మెల్లగా వెనక్కి తీసుకుంటూ చూశారు. గోడలు గులాబీరంగులో నున్నగా ఉన్నాయి. గొట్టం బయటికి వచ్చేసింది.

"శుభ్రంగా ఉంది సార్," అంది నర్సు సంతోషంగా.

గ్లవ్స్ తీయబోయి ఆగారు డాక్టరుగారు. తలుపు అవతల భార్య ఉంది. వెళ్ళి ఆవిడతో ఏమీ లేదని చెప్పాలి. రోజూ ఎంతమందికో చెప్పే మాటే, ఇవాళ చెప్పబోతే అనుమానం వచ్చింది. ఏమీ లేదా, నాకు కనబడలేదా? ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మహానుభావుడు తనను తాను ఈ ప్రశ్న అడుక్కున్న పాపాన పోలేదు.

"ఆ గొంగళిపురుగు ఏదమ్మా?"

నర్సు తెల్లబోయింది. బావమరిది ఎప్పుడో ఇచ్చిపోయిన నమూనాకి సీలు కూడా విప్పలేదు. అల్మారా అడుగునుంచి వెతికి తెచ్చి, గడువు తేదీ చూసి, గొట్టానికి తొడిగింది.

మళ్ళీ మొదటినుంచి. వెనక్కి వస్తుంటే వెంట్రుకలు ఒక్కొక్క మడతనూ సాగదీసి చూపిస్తున్నాయి. ఒకచోట మడత ఒరిగింది. దాని వెనకాల కందిగింజంత పాలిప్, గోడకు అతుక్కుని, పాలిపోయిన రంగులో ఉంది.

"అమ్మ దొంగా!" అన్నారు డాక్టరుగారు. తీగ ఉచ్చు బిగించి దాన్ని తీసేశారు. ముక్క ల్యాబుకి వెళ్ళింది.

అతనికి మెలకువ వచ్చేసరికి మంచం పక్కన అక్కా బావా ఇద్దరూ ఉన్నారు. ఒకటుంటే తీసేశానని చెప్పి ఊరుకోవచ్చు, అబద్ధమూ కాదు. కానీ భార్య మొహం చూశాక డాక్టరుగారికి దాచబుద్ధి కాలేదు.

"మొదట చూసినప్పుడు నాకు కనబడలేదురా. అంతా బాగుందని వచ్చేయబోయాను. నీ తొడుగు పెట్టుకుని మళ్ళీ వెళితే దొరికింది. ల్యాబు వాళ్ళ మాట రావాలనుకో, కానీ చిన్నగా ఉండగానే పట్టుకున్నాం."

అక్క తమ్ముడి తల నిమురుతూ ఏడ్చేసింది. ఇక మొదలెడతాడు, నేను ముందే చెప్పలేదా అంటాడు అని డాక్టరుగారు కాచుకుని ఉన్నారు. అతను అనలేదు.

"అంతా బాగుందనిపించాక మళ్ళీ ఎందుకెళ్ళావు బావా?"

"మీ అక్క బయట కూర్చుని ఉంది కదరా."

డాక్టరుగారు కేస్ షీటు మూసి లేచారు.

"రేపు నా బల్ల మీద పడుకునేవాడికీ బయట ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. పొద్దున్నకల్లా నీ గొంగళిపురుగులు తెచ్చి పడెయ్యి, ఎన్నుంటే అన్నీ."