పట్టుకునుడే గదా

“కూసొని పట్టుకునుడే గదా, గదేం పని?” అంది మా అత్తమ్మ సారవ్వ, బియ్యం చాట నా ముందుకు జరుపుతూ. నా చేతుల మధ్య గిటారు పై పలక ఉంది. బంక పట్టేదాకా పది నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. ఆ పది నిమిషాలూ నేను ఖాళీగా ఉన్నట్టే అందరికీ.

ఆ పై పలక ఒకే చెక్క కాదు. పలుచని చెక్కలు రెంటిని అంచుకు అంచు కలిపి అతకాలి. చిత్రిక పట్టిన అంచుల్ని కిటికీ దగ్గర ఆనించి చూస్తాను. మధ్యలోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ చిత్రిక. కనిపించకపోతే వేడి బంక రాసి అదిమి పట్టుకోవడం. మా ఆయన ఉపేందర్ బొగ్గుబాయి నుంచి వచ్చి స్నానం చేసి, ఆరిన పలకను వంపులు తిప్పి కోస్తాడు, తీగలు కడతాడు. చూసేవాళ్లకు తీగలే కనిపిస్తాయి. గోదావరిఖనిలో గిటార్లంటే ఉపేందర్ పేరే. నాకు మొదట్లో కోపం వచ్చేది. కోపం కూడా ఒక పనేనని తర్వాత మానేశాను.

ఒకటి మాత్రం నేనే కనిపెట్టాను. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి నేల అదురుతుంది, గిన్నెలు గలగలమంటాయి. బంక పచ్చిగా ఉంటే పలకలు వెంట్రుకవాసి జారతాయి. కొత్తలో మూడు పలకలు అలాగే పాడైతే, “చేతుల సోయి లేదు నీకు” అని మా ఆయన తిట్టాడు. అప్పటి నుంచి నేల అదిరాకే బంక వేడి చేస్తున్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మంచిర్యాలలో పిల్లలకు సంగీతం నేర్పే శ్రీలేఖ గారు ఆరు గిటార్లు కావాలని వచ్చింది. “మీరు అతుకు ఎలా వేస్తారో చూసి ఆర్డరిస్తానండీ” అంది. ఆమె వస్తుందని ఆయన ఆ రోజు డ్యూటీ మాని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

“యమునా, బంక వేడి జెయ్యి. మేడంకు చాయ పెట్టు.”

గడియారం చూశాను. రెండుంబావు.

“బావా, జర ఆగు. గిప్పుడే...”

“నీకేం ఎరుక? ఊకో. మేడం జల్ది పోవాలె.”

బంక గిన్నె, చాయ గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

ఆయన అంచుల్ని కిటికీకి పెట్టి చూపించాడు. వెలుగు రాలేదు. అవి నిన్న నేను చిత్రిక పట్టినవి. బంక రాసి అదిమాడు. సైరన్ మోగింది. “రోజుండేదే మేడం” అని నవ్వాడు. నేల అదిరింది. చాయ సాసర్లోకి ఒలికింది.

శ్రీలేఖ గారు వంగి అతుకు మీద గోరుతో గీసి చూసింది. మధ్యలో గోరు తట్టుకుంది.

“ఏం కలిపినవే బంకల?” అన్నాడు నాతో.

“దాని మనసు ఎన్నడు పని మీద ఉన్నది?” అంది అత్తమ్మ, తలుపు దగ్గర నుంచి.

“ఇంక పచ్చిగనే ఉన్నది. వచ్చి పట్టుకో, సరి జేద్దాం” అన్నాడు మళ్లీ.

ఏడేళ్లుగా ఆ మాట వినగానే లేచే నా చేతులు ఒడిలోనే ఉండిపోయాయి. భయం వేసింది. అయినా లేవలేదు.

“పట్టుకునుడే గదా బావా. నువ్వే పట్టుకో” అన్నాను. శ్రీలేఖ గారి వైపు తిరిగాను. “మేడం, బంకల ఏం దోషం లేదు. నేల అదిరేటప్పుడు అతుకు నిలువది. గీ అతుకులన్ని ఏడేండ్ల సంది నేనే వేస్తున్న. రేపు మూడు దాటినంక రండి, చేసి చూపిస్త. నచ్చితే ఆరు గిటార్లు నాకే చెప్పుండ్రి.”

ఆమె ఆయన వైపు చూడలేదు. సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, “మీ పూర్తి పేరు చెప్పండి” అంది.

చెప్పాను. ఉపేందర్ ఇంకా పలక పట్టుకునే ఉన్నాడు. పది నిమిషాలంటే ఎంతసేపో ఆయనకు మొదటిసారి తెలుస్తోంది.