వీడియోలో సదానందం పెదవులు

సంపత్ సూరత్‌లోని డిండోలిలో ఓ చిన్న హిందీ పేపరు విలేకరి. సూరత్ చూడవచ్చిన విదేశీ విలేకరులందరూ అతన్ని వెంటేసుకొని వీధివీధీ తిరిగినవాళ్లే. తీరా కథనంలో వాళ్ల పేరే ఉండేది. వండింది ఒకరు, వడ్డించి మెప్పు పొందేది ఇంకొకరు! అందుకే లండన్ పత్రిక నుంచి వచ్చిన హెలెన్ "నా పేరు పక్కన మీ పేరూ వేస్తాం" అన్నప్పుడు మనవాడి కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆ సంబరంలోనే, కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే బావ సదానందాన్ని ఒప్పించి కెమెరా ముందు మాట్లాడించాడు. సాంచెల బెల్టులకు మూతల్లేక ఎందరి చేతులో నలిగాయి. దెబ్బ ఇంట్లో తగిలిందని ఆస్పత్రిలో చెప్పమంటాడు కార్ఖానా యజమాని సేఠ్. ఇదంతా బయటపెట్టింది సదానందమని తెలిస్తే ఉన్న పని ఊడుతుంది. హెలెన్ వీడియోలో అతని కళ్లకు నల్లపట్టీ వేసింది, గొంతు మార్చింది, నోరు జారి చెప్పిన తన పేరు దగ్గర శబ్దం తీసేసింది.

కథనం వేసేముందు ఓసారి చూడమని హెలెన్ పంపిన ఆ వీడియో ఫోన్‌కు వచ్చేసరికి సంపత్ జోల్వాలో ఓ కార్ఖానాలో ఉన్నాడు. సాంచెల మోతలో చెవులు పనిచేయవు. అక్కడివాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. పక్కన సాంచె నడుపుతున్న నరహరి ఫోన్లోకి తొంగిచూసి, తనూ పెదవులతోనే అడిగాడు.

"'ఏయ్ సదానందం, ఇంట్ల తగిలిందని చెప్పు' అన్నడట సేఠ్. ఏ సదానందమన్నా?"

సంపత్ చప్పున ఫోన్ జేబులో పెట్టేశాడు. సాంచెల కాడ పెరిగి, ఈ సంగతి తనకెందుకు తోచలేదు? పేరు పిచ్చిలో కళ్లు మూసుకుపోయాయి!

బయటికొచ్చి హెలెన్‌కు ఫోన్ చేశాడు. ఆమె మంచిది. మొహమంతా కప్పేస్తానంది. "మీ పేరు మాత్రం ఉంటుంది" అంది.

సంపత్‌కు అప్పుడే ఇంకోటి తట్టింది. తన పేరు చూస్తే సేఠ్ ఊరుకుంటాడా? రోజూ తన బండి మీద తిరిగే బావ ఎవరో ఆ సేఠ్ కార్ఖానాలో అందరికీ తెలుసు.

"నా పేరు తీసేయండి."

"ఇది మీరు తెచ్చిన కథ కదా!"

"నాదే. అయినా తీసేయండి" అన్నాడు. ఆ మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది.

కథనం వచ్చిన రోజు సదానందం ఫోన్లో పైకీ కిందికీ వెతికాడు.

"ఏంది సంపత్, గింత తిరిగినవ్. నీ పేరు యాడుంది?"

"నీ పేరున్న కాడనే బావా."

సదానందం మరోసారి వెతికాడు. తర్వాత బామ్మర్ది భుజం మీద చెయ్యేసి, "నడువు, జర కార్ఖానా కాడ దింపు. షిఫ్టుకు యాళ్లయింది" అన్నాడు.