రంగు ఆరని కుర్చీ

బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించడానికి డల్సీ 'ఆగండి' అని రాసున్న పలక ఎత్తింది. ఇటు నుంచి వస్తున్న కారూ, అటు నుంచి వస్తున్న కారూ బుద్ధిగా ఆగాయి. ఆమె రోడ్డు మధ్యకి నడిచి మెడలోని ఈల ఊదింది.

"రండి, రండి! నడవాలి, పరుగెత్తకూడదు. హ్యూగో, నీ బూటు తాడు ఊడింది నాన్నా. ఇక్కడ కాదు, దాటాక కట్టుకో!"

పిల్లలు బిలబిలమంటూ దాటారు. వాళ్ల వెనకాలే కుక్కతో ఒకావిడ, పిల్లల బండిలో పాపతో ఒకాయన దాటారు. అందరికన్నా ఆఖర్న నలుపూ తెలుపూ ఈకల మాగ్‌పై పిట్ట ఒకటి, తనకీ బడి ఉన్నట్టు, తాపీగా నడుచుకుంటూ దాటింది. అది అవతలి గడ్డి ఎక్కేదాకా డల్సీ పలక దించలేదు. వెనక కార్లో ఎవరో హారన్ కొట్టారు. "పిట్టకి మాత్రం ప్రాణం కాదా ఏం?" అని ఆమె అటు తిరిగి గట్టిగానే అంది.

పొట్టిగా, గుండ్రంగా ఉండే మనిషి డల్సీ. డెబ్బై దాటాయి. ఎవరో పొడుగువాళ్లకి కుట్టినట్టు మోకాళ్ల దాకా వేలాడే నారింజరంగు కోటు, ఎండకి కమిలిపోకుండా ముక్కు మీద తెల్లగా పులుముకున్న క్రీము. కోటు కింద గోధుమరంగు కార్డురాయ్ స్కర్టు. నిలువు చారలు ఉబ్బెత్తుగా చేతికి తగిలే ముతక గుడ్డ అది. చలిగాలి మొదలైందంటే ఇక ఆ స్కర్టు దిగదు. "ఆ స్కర్టుకి పెన్షన్ ఇప్పించెయ్ డల్సీ, పాపం," అంటుంది మూలమీది బేకరీ థూయ్. "నాకిచ్చాక దానికిస్తార్లే," అంటుంది డల్సీ.

మెల్‌బోర్న్ పాత శివారుల్లో మా ఫెర్న్‌లీ వీధిలాంటి వీధులు ఇంకా ఉన్నాయి గానీ, మా వీధివాళ్ల దగ్గర మాత్రం ఆ మాట అనకండి. రెండువైపులా వెడల్పాటి ఆకుల ప్లేన్ చెట్లు పైన కొమ్మలు కలుపుకుని ఉంటాయి. ఈస్టర్ అంటే ఇక్కడ ఆకురాలే కాలం, అది వచ్చేసరికి ఆకులు పండి, పలకల కప్పుల మీద, వరండాల ఇనుప లేసుల మీద, కార్ల మీద, కాఫీ కప్పుల్లో కూడా రాలుతుంటాయి. ఇళ్లన్నీ వందేళ్లు దాటినవి. కంచెకి రంగు వెయ్యాలన్నా కౌన్సిల్ ఒప్పుకున్న రంగే వెయ్యాలి. ముదురు ఆకుపచ్చ, మీగడ రంగు, ఇంకా అలాంటి పెద్దమనిషి రంగులే ఏవో. ఇంత మర్యాదస్తుల వీధిలో, బడి ఎదుట చెట్టు మొదట్లో, పోస్టుడబ్బా కన్నా ఎర్రగా మెరిసిపోయేది డల్సీ చెక్క కుర్చీ.

అది ఆమె భర్త ఆర్నీ తెచ్చింది. ట్రాముల్లో కండక్టరుగా చేసేవాడు. ఒక కాలు విరిగితే డిపోలో దొరికిన ఇత్తడి పట్టీ అడుగున వేసి బిగించాడు. "కార్లవాళ్లకి నువ్వు కనపడకపోయినా నీ కుర్చీ కనపడాలే," అని తనే ఎర్రరంగు వేశాడు. ఆర్నీ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. రంగు వెలిసినప్పుడల్లా అదే ఎరుపు తెచ్చి డల్సీయే పూస్తూ వచ్చింది. పాత ఇళ్ల రూపు చెడకుండా కాపలా కాసే చరిత్ర సంఘం వాళ్లు ఆ రంగు గురించి మీటింగుల్లో గొణిగారని ఆమెకి తెలుసు. తెలిసి ఆ ఏడు ఇంకో పూత ఎక్కువ వేసింది.

ఇవాళ ఆమె పనికి ఆఖరి రోజు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అద్దెకుంటున్న ఇల్లు అమ్ముడైపోయింది. రోజ్‌బడ్‌లో సముద్రం పక్కన చెల్లెలు ఉనా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. బడి వదిలాక ఉనా కూతురు జోసీ కారు తెస్తుంది. సామాన్లన్నీ పోయిన వారమే వెళ్లిపోయాయి. చేత్తో పట్టుకుపోవలసింది ఆ కుర్చీ ఒక్కటే. అది లేకుండా కారెక్కేది లేదని జోసీకి ఫోన్లో ముందే చెప్పేసింది.

మరి అంత ప్రాణంగా చూసుకునే వస్తువుని ఆ పూట అలా ఎలా వదిలేసి వెళ్లిందో! బడి గంట కొట్టారు, రోడ్డు ఖాళీ అయింది. లోపల మాంసం కూరి కాల్చిన వేడివేడి 'పై' తెచ్చుకుందామని థూయ్ కొట్టుకి వెళ్లింది. ఆఖరి రోజని థూయ్ శిలువ గుర్తున్న ఈస్టర్ బన్నులు కూడా సంచీలో వేసి, డబ్బులు తీసుకోనంటే తీసుకోనంది. ఆ పేచీ తెగేసరికి కాస్త ఆలస్యమైంది. తిరిగొస్తే చెట్టు కింద కుర్చీ లేదు.

డల్సీ చెట్టు చుట్టూ తిరిగి చూసింది. ఇది పాతసామాన్ల వారమని అప్పుడు గుర్తొచ్చింది.

ఈ వారం మా వీధుల్లో ఎవరికి అక్కర్లేనివి వాళ్లు ఇంటి ముందు గడ్డిమీద పెడతారు. కౌన్సిల్ లారీ వచ్చేలోపు ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకుపోతారు. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. మా వీధిలో సగం వరండాల్లోని సామాను పక్క వీధి గడ్డిమీద దొరికిందే. పట్టుకుపోయినదాన్ని తిరిగి ఇమ్మనడం కన్నా సిగ్గుమాలిన పని ఇక్కడ ఇంకోటి లేదు. చెట్టు పక్కింటి మిసెస్ పెల్ పొద్దుటి నుంచీ ఒక్కొక్కటే తెచ్చి పడేస్తోంది. పరుపు, వంకర దీపం, వ్యాయామం సైకిలు. ఆ కుప్ప పెరిగి పెరిగి చెట్టు దాకా వచ్చేసింది. అందులో డల్సీ కుర్చీ కూడా కలిసిపోయింది.

"నేను చూళ్లేదే డల్సీ!" మిసెస్ పెల్ చెంపలు నొక్కుకుంది. "పొద్దుణ్నించీ ఎంతమంది వచ్చి కెలుకుతున్నారో! నా సైకిలు మాత్రం ఒక్కరూ ముట్టుకోరు."

"కొన్నప్పట్నించీ నువ్వే ముట్టుకోలేదు, వాళ్లేం ముట్టుకుంటారు?" అంది డల్సీ. అంటూనే తనూ ఆ కుప్పంతా కెలికింది.

సాయంత్రం బడి వదిలేదాకా టైముంది. 'పై' తినకుండానే సంచీ థూయ్ కొట్టులో పడేసి, కుర్చీ పోయిందని చెప్పి బయల్దేరింది. ఈ వీధి, పక్క వీధి, చర్చి వెనక సందు. వరండా వరండాలోకీ తొంగి చూస్తూ, కనపడిన ప్రతి ఎరుపుకీ ఆగుతూ నడిచింది. ఒకచోట ఎర్రగా కనిపించింది పిల్లల తొట్టి. ఇంకోచోట చిరిగిన గొడుగు. చర్చి వెనక ఒక కుప్పలోకి నడుము దాకా దూరిపోయి, ఖరీదైన బూట్లు మాత్రం బయటికి పెట్టి ఎవరో వెతుకుతున్నారు.

"ఎవరది? రోడరిక్కా?"

పళ్ల డాక్టరు రోడరిక్, చరిత్ర సంఘం అధ్యక్షుడు, ఒక బల్లదీపంతో బయటికి వచ్చాడు. జుట్టునిండా ఆకులు. "ఊరికే... చూస్తున్నానంతే."

"చూడు, చూడు. దీపం బావుంది, పట్టుకుపో. నా కుర్చీ గానీ కనపడిందా?"

"ఆ ఎర్రదా?" అతని మొహం మాడిపోయింది. "డల్సీ, మీటింగులో ఆ రంగు గురించి అన్నది నేనే. కానీ కుర్చీ నేను తియ్యలేదు, ఒట్టు."

"నాకు తెలుసులేవయ్యా. నువ్వు తీసుంటే ఈపాటికి దానిమీద శిలాఫలకం వేసేవాడివి."

నవ్వుతూనే అక్కణ్నుంచి వచ్చేసింది. కానీ మలుపు తిరిగాక ఇక నడవలేకపోయింది. ఎవరిదో పొట్టి ఇటుక గోడ మీద కూచుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ పోయినందుకే కాదు. ఇన్నేళ్లు ఈ రోడ్డు మధ్య నిలబడింది. కార్లు వెళ్లాయి, పిల్లలు పెద్దవాళ్లై పిల్లల్ని ఎత్తుకుని దాటారు. ఈస్టర్ సెలవులయ్యాక ఇంకొకరు పలక ఎత్తుతారు, కార్లు ఇలాగే ఆగుతాయి. నేనిక్కడ ఉన్నానని ఆర్నీ కుర్చీ తప్ప ఇంకెవరు చెబుతారు, అనుకుంది. అది కూడా లేకుండా ఉత్త చేతులతో వెళ్లిపోవాలా అని ఏడుపొచ్చింది.

థూయ్ అక్కడే పట్టుకుంది ఆమెని. చల్లారిపోయిన 'పై' మళ్లీ వేడిచేసి తెచ్చింది.

"తిను ముందు. కుర్చీ సంగతి నేను చూస్తా."

"నువ్వేం చూస్తావు?"

"నా కొట్టుకి రానివాళ్లు ఈ చుట్టుపక్కల ఉన్నారా? ఒక్కొక్కళ్లకీ చెప్పే బన్ను ఇస్తున్నా!"

బడి వదిలే వేళకి డల్సీ పలక పట్టుకుని వచ్చేసరికి చెట్టు కింద వరసగా కుర్చీలు. చేతుల కుర్చీ, ఊగే కుర్చీ, వంటింటి స్టూలు, పెళ్లిళ్లలో వేసే మడత కుర్చీ. రోడరిక్ తన వరండాలోంచి తోలు కుర్చీ మోసుకొచ్చి ఆయాసపడుతున్నాడు. మిసెస్ పెల్ ఆ సైకిల్నే ఈడ్చుకొచ్చి వరస చివర నిలబెట్టింది.

"దానికీ సీటుంది మరి," అంది.

డల్సీ పలక ఎత్తింది. ఈల నోట్లో పెట్టుకుని రోడ్డు మధ్యకి వెళ్లింది. ఆ పూట పిల్లల్ని దాటిస్తుంటే, అవతలి గట్టు మీద నిలబడ్డ తల్లుల్లో సగంమందిని చిన్నప్పుడు తనే దాటించానని లెక్క తేలింది. వాళ్లంతా ఇవాళ దాటాక ఇళ్లకి పోలేదు. ఆగారు.

అప్పుడే మూల తిరిగి వచ్చాడు క్విలియమ్. ఈ వారమే ఆ చివరింట్లో దిగిన పెద్దాయన, పొడుగ్గా గడకర్రలా ఉంటాడు. రెండు చేతులూ చాపి, ఒంటికి తగలకుండా ఒక కుర్చీ మోసుకొస్తున్నాడు. ముదురు ఆకుపచ్చ, నిగనిగలాడుతోంది. చేతులు మోచేతుల దాకా అదే రంగు.

"మేడమ్, మీ కుర్చీ ఎవరో కాజేశారట! బేకరీలో విన్నాను. ఎంత దుర్మార్గం!" రొప్పుతున్నాడు. "ఇది తీసుకోండి. పొద్దున దొరికింది నాకు, ఎవరో పారేశారు. చెక్క భేషుగ్గా ఉంది. రంగే, ఛీ, ఘోరం. మొత్తం గీకేసి కౌన్సిల్ వాళ్లు ఒప్పుకున్న రంగు వేశాను."

రోడరిక్ ఆకాశం వైపు చూశాడు. థూయ్ నోరు తెరవబోతే డల్సీ ఆమె కాలు తొక్కింది. కుర్చీ అందుకునే నెపంతో సీటు అడుగున వేళ్లు పోనిచ్చింది. ఇత్తడి పట్టీ చల్లగా తగిలింది. దాని రెండు మరలూ చేతికి తెలిశాయి.

"మిస్ డల్సీ!" హ్యూగో గట్టిగా అరిచాడు. "అది మీ—"

డల్సీ ఈల ఊదింది. వీధి వీధంతా దద్దరిల్లేలా ఊదింది. అవతల రెండు కార్లు ఆగిపోయాయి కూడా.

"హ్యూగో! బూటు తాడు!"

హ్యూగో వంగి చూసుకున్నాడు. అది నిజంగానే ఊడింది.

"భలే కుర్చీ," అంది డల్సీ పెద్దాయనతో. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ. "ఇంత బావున్నదాన్ని ఎవరు పారేశారో, బుర్రలేనివాళ్లు!" అని, దాన్ని చెట్టు మొదట్లో ఎప్పటి చోటనే వేసి, ఇక పని అయిపోయిందిగా అని కోటు విప్పి పక్కన పడేసి, దర్జాగా కూచుంది.

"అయ్యయ్యో, తడి! ఇంకా ఆరలేదు!" క్విలియమ్ రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. దాంతో ఆయన నెత్తి కూడా ఆకుపచ్చనైంది.

అప్పటిదాకా బిగబట్టిన నవ్వు ఒక్కసారిగా బయటపడింది. మిసెస్ పెల్ అయితే సైకిలు పట్టుకుని వంగిపోయింది. డల్సీ మాత్రం లేవలేదు. ఎలాగూ అంటుకుంది కదా అని, థూయ్ పోసిన టీ తాగేదాకా, చెట్టుకింది వాళ్లంతా తలా ఒక మాట చెప్పేదాకా అలాగే కూచుంది.

జోసీ వచ్చి స్కర్టు వెనక చూసి గుండెలు బాదుకుంది. కారు సీటు మీద పేపర్లు పరిచింది. "కుర్చీ ఏది పెద్దమ్మా? అదేనా? డిక్కీలో పెట్టనా?"

డల్సీ వరసగా ఉన్న కుర్చీల్నీ, వాటి వెనక నిలబడ్డవాళ్లనీ చూసింది. పొద్దున గోడ మీద కూచుని ఎందుకేడ్చానా అనిపించింది.

"వద్దులే. తడిగా ఉంది. ఇక్కడే ఉండనీ."

"అది లేకుండా కారెక్కనన్నావుగా?"

"అన్నాను. పోనీ. ఉనా పెరట్లో దాని మీద ఎవరు కూచుంటారు, నేనూ పిల్లీ తప్ప? ఇక్కడైతే సెలవులయ్యాక ఎవరో ఒకరు వస్తారు. వాళ్లకీ మోకాళ్లుంటాయి." పలక థూయ్ చేతిలో పెట్టింది. ఈల మాత్రం మెడలోనే ఉంచుకుంది. థూయ్‌ని గట్టిగా కావలించుకుంటే డల్సీ వేళ్లకున్న ఆకుపచ్చ ఆమె ఏప్రాన్‌కీ కాస్త అంటింది.

కారు ట్రాము రోడ్డు వైపు తిరిగేదాకా అందరూ చేతులూపారు. తర్వాత ఎవరి కుర్చీలు వాళ్లు మోసుకుపోయారు. ఆ సైకిలు మళ్లీ కుప్పలోకి వెళ్లింది.

చీకటి పడబోతుండగా క్విలియమ్ డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. సీటు మీద చెదిరిన రంగు సరిచేద్దామని వంగాడు. కొట్టు మూస్తున్న థూయ్ రోడ్డుకి అడ్డంగా పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకండి! అలాగే ఆరనివ్వండి."

ఆయనకేమీ అర్థంకాలేదు, కుంచె డబ్బాలో పెట్టేశాడు. ప్లేన్ చెట్టు కింద ఆకుపచ్చ కుర్చీ, దాని సీటు మీద డల్సీ స్కర్టు చారలు ఒక్కొక్కటీ విడివిడిగా, నిలువుగా అచ్చుపడి ఆరుతున్నాయి.