ఖాళీ దండెం

లినెట్ దుప్పటి కొసలు రెండూ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పరుపు కింద బిగించిన అంచులన్నీ ఊడొచ్చి రొట్టెపొడి గాల్లోకి లేచింది. పక్కమీద కూచుని రొట్టె తినొద్దని గోడకి కాగితం అంటించి మూడేళ్ళయింది. చదివిన మహానుభావుడు ఒక్కడూ లేడు. నాలుగు మంచాల దుప్పట్లూ మూటకట్టి చంకనేసుకుని ఆమె మెట్లు దిగుతుంటే కుడి మోకాలు కటుక్కుమంది. రోజూ వినే చప్పుడే కాబట్టి పట్టించుకోలేదు.

శనివారం పదింటికి పాత అతిథులు వెళ్ళిపోతారు, నాలుగింటికి కొత్తవాళ్ళు దిగుతారు. ఈలోగా ఇల్లు కడిగిన ముత్యంలా ఉండాలి. ఇంటివాళ్ళు లండన్‌లో ఉంటారు, ఏడాదికి రెండువారాలు కూడా రారు. మిగతా రోజులు అద్దెకిచ్చుకుంటారు. ఏడేళ్ళుగా తాళాలు లినెట్ దగ్గరే ఉన్నాయి. పదకొండుకల్లా దుప్పట్లు దండెం మీద పడాలి, రెండింటికి తియ్యాలి, మూడున్నరకి పక్కలు వెయ్యాలి. ఇది ఆమె పెట్టుకున్న లెక్క. తప్పితే అడిగేవాళ్ళు లేరు, అయినా ఎప్పుడూ తప్పలేదు.

ఆమెకి అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం వస్తాదువి. ఇంగ్లండులోని బోల్టన్‌లో ఇరవై రెండేళ్ళు బడి వంటశాలలో పిల్లల పళ్ళేల్లో ఉడికించిన బంగాళాదుంప వడ్డించింది. బస్సు నడిపే క్లిఫ్‌ని పెళ్ళాడింది. రిటైరయ్యాక ఫ్రాన్సు పల్లెలో రాతి ఇల్లు కొనుక్కోవాలన్న కల క్లిఫ్‌దే. అతను రమ్మంటే ఆమె వచ్చింది, అంతే. ఈ ఆరిళ్ళ ఊరికొచ్చిన నాలుగో ఏట అతను ఉల్లికాడల మడిలో కూలబడి మళ్ళీ లేవలేదు. లినెట్ ఇక్కడే ఉండిపోయింది.

ఉండిపోతూ ఉండిపోతూ చాలా నేర్చుకుంది. శీతాకాలం కట్టెలకి వసంతంలోనే చెప్పుకోవాలి. పక్కూరి పోస్టాఫీసులో ముందు నమస్కారం చెప్పి ఆ తర్వాతే పని చెప్పాలి, లేకపోతే ఆ అమ్మాయికి చెవుడొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పన్నెండు నుంచి రెండు దాకా ఎవరి తలుపూ కొట్టకూడదు. మొదటి చలికాలం పన్నెండుంబావుకి వంటింట్లో గొట్టం పగిలి నీళ్ళు మడమలదాకా వస్తే, ఆమె తడిచెప్పులతోనే ప్లంబరు ఇంటికి పరిగెత్తింది. అతను బల్ల దగ్గరనుంచి లేవనైనా లేవలేదు. "మెయిన్ వాల్వు కట్టెయ్యండి, రెండింటికొస్తా," అని చీజు కోసుకున్నాడు. అతని పెళ్ళాం ఆమెని ఎగాదిగా చూసింది. ఆ చూపు తలుచుకుంటే లినెట్‌కి ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.

ఇక ఎదురింటి జెర్మేన్. ఎనభయ్యొకటేళ్ళ మనిషి. భోజనం బల్ల కిటికీ పక్కనే వేసుకుంది. అక్కడినుంచి లినెట్ గుమ్మమూ, కాస్త దూరాన ఈ అద్దె ఇంటి దండెమూ రెండూ కనిపిస్తాయి. ఆమె కంటపడకుండా ఆ ఊళ్ళో పిల్లి కూడా వీధి దాటలేదు. "నిన్న నీకు రెండు ఉత్తరాలొచ్చాయి, ఒకటి మందపాటిది, ఏమిటది?" అంటుంది. "ఆదివారం పొగగొట్టంలో పొగ లేదు, కట్టెలయిపోయాయా?" అంటుంది. క్లిఫ్ ఆమెకి పోలీసమ్మ అని పేరుపెట్టి కిటికీకి మందపాటి తెర కట్టాడు. లినెట్‌కీ ఒళ్ళు మండేది. బోల్టన్‌లో పక్కింటాయన పేరు తెలియకుండానే తొమ్మిదేళ్ళు హాయిగా బతికింది మరి.

వాషింగ్ మెషీన్ వేసి ఆమె మళ్ళీ పైకెక్కింది. పొద్దున అక్క అన్న మాటలు బుర్రలోంచి పోవడం లేదు. పదిరోజుల కిందట లినెట్ ఇంటికి వచ్చిన బెరిల్ ఈ సాయంత్రం విమానానికి వెళ్ళిపోతోంది.

"బోల్టన్‌లో మా కింది వాటా ఖాళీ అయింది, నీకోసం ఆపించాను," అంది బెరిల్, టీ కలుపుతూ. "ఇంటాయన ఇంక ఆగనంటున్నాడు. ఇవాళ ఔననో కాదనో తేల్చెయ్యవే."

"పని చూసుకొచ్చి చెప్తానక్కా."

"పదిరోజులుగా పని చూసుకొస్తూనే ఉన్నావు తల్లీ. ఇక్కడ ఒక్కదానివి. ఎక్కడో కాలు జారి పడ్డావనుకో, ఎవరు చూస్తారే నిన్ను? క్లిఫ్ పడితే చూడ్డానికి నువ్వున్నావు. నీకెవరున్నారు?"

ఆ భయం అక్కకన్నా ముందే లినెట్‌ని పట్టుకుంది. స్నానాల తొట్టి ఎక్కేటప్పుడల్లా ఇప్పుడు గోడ పట్టుకుంటోంది.

పై అంతస్తు స్నానాలగదిలో సున్నపు మరకల మీద వెనిగర్ చల్లి, తొట్టి తోమి, వెనక్కి ఒక అడుగు వేసింది. పలకల మీద కాలు సర్రున జారింది. మోకాలు లోపలికి తిరిగింది. తొట్టికీ గోడకీ మధ్య సందులో పడింది, సీసాలో బిరడా దిగినట్టు. లేవబోతే కళ్ళముందు చుక్కలు కనిపించాయి. ఫోను కింద వంటింట్లో, కొక్కేనికి తగిలించిన కోటు జేబులో ఉంది.

"ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది. మూరెడు మందం రాతిగోడలు. తన గొంతు తనకే తిరిగొచ్చింది. కాసేపటికి కింద వాషింగ్ మెషీన్ పని ముగించి కూతపెట్టింది. మళ్ళీ పెట్టింది. దుప్పట్లు తియ్యమని అది పిలుస్తూనే ఉంది. పదకొండయి ఉంటుంది. నాలుగింటికి అతిథులొచ్చేదాకా ఈ తలుపు తీసేవాళ్ళెవరూ లేరు. పలకల చల్లదనం నడుములోకి ఎక్కింది. ఇరుక్కున్న చెయ్యి మొద్దుబారింది.

అప్పుడు చర్చి గంట పన్నెండు కొట్టింది. లినెట్‌కి మిగిలిన ఆశ కాస్తా జారిపోయింది. ఇంక రెండింటిదాకా ఈ ఊళ్ళో ఒక్కరూ బల్ల దగ్గరనుంచి కదలరు. ఇల్లు తగలబడుతోందన్నా చీజు ముగించే వస్తారు. అక్క చెప్పిందే నిజం. వెళ్ళిపోతాను, అనుకుంది. సాయంత్రం ఔననేస్తాను. ఆ కింది వాటాలో కూచుని టీవీ చూసుకుంటాను. అలా అనుకోగానే క్లిఫ్ గుర్తొచ్చాడు, ఉల్లికాడల మడి గుర్తొచ్చింది.

గంట ఆగి ఎంతో సేపు కాలేదు. కింద తలుపు ధడాలున తెరుచుకుంది. మెట్లమీద కర్ర టకటక. వెనక బరువైన బూట్లు.

"లినెట్! ఏయ్ లినెట్! చచ్చావా బతికున్నావా?"

గుమ్మంలో జెర్మేన్ నిలబడి ఉంది. మెడలో భోజనం తువ్వాలు అలాగే ఉంది, గడ్డానికి సూప్ మరక. ఆమె వెనక మేనల్లుడు బ్రూనో, బుగ్గలో ముద్దతో సహా. అతని వెనక, జెర్మేన్ ఎదురుగా లినెట్ ఇంటికెళ్ళి చెయ్యి పట్టుకు లాక్కొచ్చిన బెరిల్, ఇంటి చెప్పులతో, ఏం జరిగిందో అర్థంకాక తెల్లబోయి ఉంది.

"దండెం ఖాళీ!" అని జెర్మేన్ దెబ్బలాటకి వచ్చినట్టు అరిచింది. "పన్నెండయింది, దండెం మీద ఒక్క దుప్పటి లేదు! ఏడేళ్ళలో ఎప్పుడన్నా ఇలా ఉందా? రెండు చెంచాలు తాగాను, దిగితేనా!"

ఆ తువ్వాలు చూడగానే లినెట్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ తింటూ తింటూ లేచి వచ్చింది. పన్నెండింటికి, సూప్ వదిలేసి వచ్చింది. ఆ ఊళ్ళో పదకొండేళ్ళున్న మనిషికి దాని విలువ ఇంకొకళ్ళు చెప్పనక్కర్లేదు. చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "నా సూప్ చల్లారబెట్టి పైగా నవ్వుతోంది చూడు," అంది జెర్మేన్, తువ్వాలు తీసి ఆమె ముక్కు తుడుస్తూ.

బ్రూనో ఆమెని దూడని ఎత్తినట్టు ఎత్తి కింద కుర్చీలో దింపాడు. ఆవుల కాళ్ళు చూసిన అనుభవంతో మోకాలు నొక్కి, విరగలేదు, బెణికిందంతే అని తీర్పు చెప్పాడు. రెండింటికి వచ్చిన నర్సు కట్టుకట్టి అదే మాట చెప్పింది. అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాత జరిగింది చూడాల్సిందే. లినెట్ మోకాలి మీద గడ్డకట్టిన బఠాణీల సంచీ పెట్టుకుని కుర్చీలోంచి పెత్తనం చేసింది. జెర్మేన్, బెరిల్ దుప్పట్లు దండెం మీదేసి, ఎండబెట్టి, పక్కలు వేశారు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. "మూల ఇలా మడవాలమ్మా, మా ఆస్పత్రిలో ముప్ఫయ్యేళ్ళు మడిచాను," అని బెరిల్ ఇంగ్లీషులో. "అదేం మడతే, శవానికి చుట్టినట్టు!" అని జెర్మేన్ ఫ్రెంచిలో. ఒకావిడ మడిచింది ఇంకొకావిడ విప్పుతూ, మళ్ళీ మడుస్తూ, నాలుగుకి పది నిమిషాల ముందు అయిందనిపించారు.

అయిదున్నరకి బ్రూనో కారు లినెట్ ఇంటి గుమ్మంలో ఆగింది. బెరిల్ పెట్టె సర్దుకుని చెల్లెలి పక్కన కూచుంది.

"నేను రెండొందల గజాల దూరంలో కూచుని వారపత్రికలో గళ్ళనుడి పూరిస్తున్నానే," అంది. "నాకు తెలియలేదు. పని లేటయిందేమో అనుకున్నాను. ఆ ముసలావిడ దండెం చూసి కనిపెట్టింది."

"అక్కా..."

"ఆ కింది వాటా ఇంకెవరికన్నా ఇచ్చుకోమంటాను. అక్కడ కింద నువ్వు పడ్డా, పైన గళ్ళు నింపుకుంటూ నాకు తెలిసేది కాదు," అని బెరిల్ నవ్వబోయి కళ్ళు ఒత్తుకుంది. "హమ్మయ్య. నిజం చెప్పనా? పదిరోజులనుంచి నాకు నిద్ర లేదు, ఎలా వదిలి వెళ్ళాలా అని. ఇవాళ విమానంలో నిద్రపోతాను."

"అయితే ఔననలేదు, కాదనలేదు, నేనింకా ఏం చెప్పకముందే..."

"నీ మొహం చూశాను కదే, ఆవిడ నీ ముక్కు తుడుస్తుంటే."

లినెట్ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎన్నాళ్ళుగానో గుండెమీద కూచున్న బండరాయిని ఎవరో దింపినట్టుంది. బెరిల్ వంగి, ఆమె నెత్తిమీద ఒక ముద్దు పెట్టి, వెనక్కి చూడకుండా కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా ఎదురింటి కిటికీలో జెర్మేన్ చెయ్యి ఊపుతూనే ఉంది.

ఏడుగంటలు దాటాక లినెట్ కుంటుకుంటూ అక్క పడుకున్న గదిలోకి వెళ్ళింది. పక్క నీటుగా, మూలలు ఆస్పత్రి మడతతో ఉంది. కిటికీ అంచున బెరిల్ ప్రయాణపు గడియారం మరిచిపోయి వెళ్ళింది. పదిరోజులూ దాన్ని ఇక్కడి టైముకి తిప్పుకోలేదు, తిప్పమంటే వద్దంది. లినెట్ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, ముల్లు ముట్టుకోకుండా మళ్ళీ అక్కడే పెట్టింది. ఎర్రతోలు తొడుగులో ఆ చిన్న గడియారం, బోల్టన్‌లో ఆరూ పదయిందని చెబుతూ, టిక్కుటిక్కుమంటూ కూచుంది.